తడి ప్లాస్టరు మీద తేదీ

మా బావ పళ్ళు చేస్తాడు. ఎవరి పన్ను పీకాలో, ఎవరికి కట్టుడు పళ్ళు పెట్టాలో తేల్చేది డాక్టరమ్మ. వాలు కుర్చీ, తెల్లటి దీపం, గోడ మీద ముప్ఫైరెండూ చూపిస్తూ నవ్వే కుటుంబం ఫోటో ఉన్న ముందు గది ఆవిడది. దాని వెనక కిటికీ లేని గది మా బావది. మైనం కరిగించే చిన్న మంట, పళ్ళు అరగదీసే యంత్రం, ప్లాస్టరు కలిపే రబ్బరు గిన్నెలు, మూడు గోడల పొడవునా అరలు. ఆ అరల నిండా దవడలే. ఇన్నేళ్ళలో ఆయన పళ్ళు చేసిపెట్టిన ప్రతి నోటికీ ఒక ప్లాస్టరు అచ్చు, దాని మీద ఒక నంబరు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఊళ్ళో సగం మంది ఒక్కసారే నా మీద నోరు చేసుకున్నట్టనిపించి గుమ్మంలోనే ఆగిపోయాను.

ఊరి నోళ్ళన్నీ చేతిలో ఉన్న ఈ మనిషికి సొంత నోట్లో మాత్రం నాలుక లేదు. ఆయన మా అక్క భర్త. అక్క పోయి ఎనిమిదేళ్ళయింది. నేను బడిపిల్లల బస్సు నడుపుతాను. నలభైమంది పిల్లల్ని కూర్చోబెట్టే గొంతు కాబట్టి, బయట ఆయన తరఫున మాట్లాడే ఉద్యోగం కూడా నాకే వచ్చింది. అక్క ఉన్నప్పుడు ఆ ఉద్యోగం అక్కది.

ఆయనకి ఇంకో గుణం ఉంది. ఎవరి పనీ తన దగ్గర ఆగి ఉండకూడదు, తన వల్ల ఎవరికీ ఇబ్బంది కలగకూడదు. లిఫ్టులో అందరూ ఎక్కి దిగేదాకా తలుపు పట్టుకుని నిలబడతాడు, తను దిగాల్సిన అంతస్తు దాటిపోతుంది. మంచితనం అని అక్క మురిసిపోయేది. మొహమాటం అని నేననేదాన్ని. మొహమాటానికి పోతే ఏదో అయిందని ఒక సామెత ఉంది. బావతో అనాల్సిన సామెత కాదు గానీ ఒకసారి నోరు జారాను. నాలుగు రోజులు నా మొహం చూడలేదు.

ఇద్దరం పొట్ట చేత పట్టుకుని ఈ దేశానికి వచ్చినవాళ్ళమే. నేను వీలు కాగానే పౌరసత్వం తీసుకున్నాను. ఆయన శాశ్వత నివాసం కార్డు దగ్గర ఆగిపోయాడు. పౌరసత్వం ఫారం మూడుసార్లు తెచ్చి చేతిలో పెట్టాను. "కార్డుంది కదా అమ్మాయ్, మళ్ళీ వాళ్ళని శ్రమపెట్టడం ఎందుకు?" అన్నాడు, అక్కడి గుమాస్తాలు ఈయన కోసమే తిండి మానేసి కూర్చున్నట్టు. ఆ కార్డు పేరులో శాశ్వతం ఉంది గానీ దానికో మెలిక ఉంది. ఏడాదికి మించి దేశం బయట ఉండేట్టయితే ముందే అనుమతి కాగితం తీసుకుని వెళ్ళాలి. లేకపోతే ఇక్కడి కాపురం ఎత్తేసినట్టే లెక్క. ఎత్తెయ్యలేదని రుజువు చేసుకోవాల్సింది మనమే.

రెండేళ్ళ కిందట ఆయన అన్నయ్య మెట్ల మీంచి జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అన్నయ్య ఉండేది మేం పుట్టిన దేశంలో. పెళ్ళి చేసుకోని మనిషి, మంచం పక్కన కూర్చోవడానికి తమ్ముడు తప్ప దిక్కు లేదు. "ఆరు వారాలు. ఆరు వారాల్లో వచ్చేస్తా," అన్నాడు బావ. తిరుగు టిక్కెట్టు కూడా తేదీతో సహా కొనుక్కున్నాడు.

ఇక సర్దడం మొదలైంది. ఆరు వారాలు సెలవడిగితే డాక్టరమ్మ ఇరుకున పడుతుందని రాజీనామా రాసిచ్చాడు. "వచ్చాక కావాలంటే పెట్టుకుంటుంది, వద్దనుకుంటే మొహమాటపడక్కర్లేదు కదా," అని నాకు వివరణ. కరెంటు తీయించేశాడు, ఫోను తీయించేశాడు. చలికోటు కింది వాటావాళ్ళకి ఇచ్చేశాడు. లైబ్రరీ కార్డు తిరిగిచ్చేశాడు. లైబ్రరీ కార్డు తిరిగిచ్చిన మనిషిని వాళ్ళెప్పుడూ చూడలేదట, ఏ సొరుగులో పెట్టాలో తెలియక తికమకపడ్డారట.

మరి అద్దెగది? అది ఖాళీ చేయమన్నది నేను. "మనిషి లేని గదికి అద్దె దండగ బావా. వచ్చాక ఇంకోటి చూసుకుందాం," అన్నాను. ఇంటాయనకి ఇచ్చే ఉత్తరం కూడా నేనే చెప్పి రాయించాను. చివర్న 'ఇన్నాళ్ళూ మీరు చూపిన ఆదరణకు కృతజ్ఞతలు, ఇక సెలవు' అని పెట్టించాను. చాలా బాగా కుదిరిందని ఇద్దరం మెచ్చుకున్నాం.

ఆరు వారాలు పందొమ్మిది నెలలయ్యాయి. తుంటిలో పెట్టిన కొత్త కీలు చీము పట్టింది. మళ్ళీ కోశారు, మళ్ళీ పెట్టారు. ఈలోగా మూత్రపిండాలు మొరాయించాయి. ప్రతి నెలా బావ ఫోన్ చేసి "వచ్చే నెల," అనేవాడు. ప్రతి నెలా నేను "సరే" అనేదాన్ని. టిక్కెట్టు మూడుసార్లు వాయిదా వేశాడు, నాలుగోసారి అది చెల్లకుండా పోయింది. పన్నెండో నెల ఎప్పుడు దాటిందో ఇద్దరిలో ఒక్కరమూ గమనించలేదు. అన్నయ్య కర్ర పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళి తనంతట తాను తిరిగొచ్చాక, ఆ వారమే బావ విమానమెక్కాడు.

ఇక్కడ దిగాక ఏం జరిగిందో ఆయన చెప్పగా విన్నదే. గాజు అద్దం వెనక అధికారి కార్డు చూసి, వెళ్ళి ఎన్నాళ్ళయింది అని అడిగాడు. పందొమ్మిది నెలలండి. ఇక్కడ ఇల్లెక్కడ? ప్రస్తుతానికి ఎక్కడా లేదండి. ఉద్యోగం? మానేశానండి. ఒక్క అబద్ధం లేదు. ఆ అధికారి ఒక ఫారం ముందుకు తోశాడట. 'నా నివాస హక్కును ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను' అని దాని సారాంశం. సంతకం పెడితే నెలరోజులు చుట్టపుచూపుగా ఉండి వెళ్ళొచ్చు. పెట్టకపోతే పక్కన కూర్చోవాలి, విచారణకు రాయించుకోవాలి.

"పెట్టబోయాను అమ్మాయ్," అన్నాడు బావ.

"ఎందుకూ?"

"వెనక చాలామంది నిలబడ్డారు. చంటిపిల్లలవాళ్ళు కూడా ఉన్నారు."

పళ్ళు పటపటా కొరికాను. ఆ చప్పుడుకి ఆయన వృత్తిరీత్యా ఉలిక్కిపడ్డాడు.

"మరి పెట్టలేదేం?"

"కళ్ళజోడు పెద్దపెట్టెలో ఉండిపోయింది. సంతకం ఎక్కడ పెట్టాలో కనపడలేదు. వెళ్ళి తెచ్చుకునేసరికి ఆయన డ్యూటీ దిగిపోయి ఇంకొకావిడ వచ్చింది. ఇదేంటో తెలిసే పెడుతున్నారా అని అడిగింది. తెలీదన్నాను."

ఎవరో గానీ ఆ తల్లి కడుపు చల్లగా ఉండాలి. ఫారం వెనక్కి తీసుకుని, ముప్ఫై రోజుల్లో విచారణకు రమ్మని నోటీసు ఇచ్చి పంపింది. నిర్ణయం వచ్చేదాకా పాత హక్కులన్నీ ఉంటాయని కూడా అందులో రాసి ఉంది.

ఆ ముప్ఫై రోజులూ ఆయన మా ముందుగదిలో మడతమంచం మీద పడుకున్నాడు. పడుకున్నాడనడానికి సాక్ష్యం మాత్రం లేదు. నేను డ్యూటీకి లేచేసరికి మంచం తలుపు వెనక, దుప్పటి నాలుగు మడతలు, బ్రష్షు సంచిలో. తడి తువ్వాలు కూడా కవర్లో చుట్టి పెట్టెలో పెట్టుకునేవాడు.

"తువ్వాలు ఆరెయ్యి బావా, ముక్కిపోతుంది," అన్నాను.

"మీకే చోటు చాలదు కదా అమ్మాయ్."

"ఇక్కడే కాపురమున్నానని రుజువు చేసుకోవాల్సిన మనిషివి. తువ్వాలు కూడా ఆరెయ్యకపోతే ఎలా?"

నవ్వించాలని అన్నాను. ఆయన లేచి తువ్వాలు బయటికి తీశాడు, కాసేపు చేతిలో పట్టుకుని నిలబడి మళ్ళీ కవర్లో పెట్టేశాడు. "మళ్ళీ సర్దుకోవాల్సి వస్తుందేమో," అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

కార్డు పోతే ఏం పోతుందో ఇద్దరికీ తెలుసు. ఆయనకి యాభై ఏడేళ్ళు. అక్కడ ఉన్నది అన్నయ్యవి రెండు గదులు. పళ్ళు చేసే గది లేదు, ఈ వయసులో కొత్తగా ఇచ్చేవాడూ లేడు. ఇక్కడ ఇరవైరెండేళ్ళ పని ఉంది. అక్కతో కలిసి నడిచిన వీధులున్నాయి. ఇక నా సంగతి. ఈ ఊళ్ళో అక్క పేరెత్తితే 'ఎవరు?' అని అడగని మనిషి ఆయనొక్కడే. మా ఆయన మంచివాడే గానీ మా పెళ్ళినాటికి అక్క లేదు. బావ వెళ్ళిపోతే అక్క గురించి నాలో నేనే మాట్లాడుకోవాలి. నాకు భయమేసింది. స్టీరింగు పట్టుకున్నా అదే భయం, అన్నం ముందు కూర్చున్నా అదే భయం. గది ఖాళీ చేయించింది నువ్వే కదా అని ఆయన ఒక్కసారీ అనలేదు. అని ఉంటే కాస్త తేలికపడేదాన్ని.

నోటీసు వెనక తెచ్చుకోవాల్సిన కాగితాల జాబితా ఉంది. ఇల్లు, ఉద్యోగం, బిల్లులు, వెళ్ళేనాటికే తిరిగి రావాలన్న ఉద్దేశం ఉందని చూపించేవి ఏవైనా. భోజనాల బల్ల మీద మా దగ్గరున్నవన్నీ పరిచాం. రాజీనామా. గది ఖాళీ ఉత్తరం. కరెంటు తీసేయమన్న దరఖాస్తు. ఫోను వద్దన్న దరఖాస్తు. లైబ్రరీ కార్డు తిరిగిస్తూ రాసిన చీటీ. అన్నీ ముత్యాల్లాంటి దస్తూరీ, అన్నిటికీ నకళ్ళు. మా వైపు నిలబడేవి అన్నయ్య ఆసుపత్రి కాగితాలు, మూడుసార్లు వాయిదా పడ్డ టిక్కెట్టు. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు, ఈయన చేసిన ఒక్కో మర్యాదా ఒక్కో నేరమై కూర్చుంది.

"ఇవి చూస్తే నేనే నిన్ను పంపించేస్తాను బావా," అన్నాను.

ఆయన నిజమేనన్నట్టు తలూపాడు.

పదో రోజున డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. ఆవిడ బావని చూడగానే చేతి తొడుగులు విప్పేసి ఎదురొచ్చింది. "మీ గది అలాగే ఉంది. పని బయట కంపెనీకి పంపిస్తుంటే పేషెంట్లు నన్ను తిడుతున్నారు. రేపట్నించే రండి," అంది. నా ప్రాణం లేచొచ్చింది. ఆ మాటే, సెలవు మీద వెళ్ళాడని రాసివ్వమన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. "సెలవని ఎలా రాయను? రాజీనామా నా ఫైల్లో ఉంది. మానేశారని అప్పుడే ప్రభుత్వానికి తెలియజేశాను కూడా. ఇప్పుడు మళ్ళీ ఉద్యోగమిస్తున్నానని రాస్తాను," అంది. అది మంచి కాగితమే. కానీ ఇప్పుడు ఉండాలనుకుంటున్నాడని చెప్తుంది, అప్పుడు తిరిగి రావాలనుకున్నాడని చెప్పదు. వాళ్ళడిగేది రెండోది.

బావ అప్పటికే వెనక గదిలోకి వెళ్ళి దీపం వేశాడు. అరలన్నిటి మీదా దుమ్ము. ఆయన ఒక గుడ్డ తీసుకుని పై అరనుంచి దవడలు తుడవడం మొదలుపెట్టాడు. నేను ఊరికే నిలబడలేక కింది అర తుడిచాను. చిట్టచివర, మిగతా వాటికి దూరంగా, ఒక కింది దవడ అచ్చు ఒంటరిగా ఉంది. నంబరు పక్కన ఇంకేదో గీసి ఉంది. వెలుతురులోకి తెచ్చి చూశాను. ఒక తేదీ. ఆయన వెళ్ళిన రోజుకి సరిగ్గా ఆరు వారాల మూడు రోజుల తర్వాతిది. దాని కింద 'మళ్ళీ కొలత, నేనే' అని ఉంది.

"ఇదేంటి బావా?"

ఆయన నా చేతిలోది చూసి మొహం తిప్పుకున్నాడు. "హెడ్మాస్టరమ్మది," అన్నాడు.

ఈ హెడ్మాస్టరమ్మ ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి. ఎనభై దాటాయి. బడి నుంచి రిటైరై ఇరవై ఏళ్ళయినా కనపడ్డవాళ్ళ తప్పులు దిద్దడం మానలేదు. ఆవిడ కింది దవడ ఎముక అరిగిపోయి సన్నటి గట్టులా ఉంటుంది, దాని మీద ఏ పళ్ళ సెట్టూ నిలవదు. నిలబెట్టగలిగిన మనిషి మా బావ ఒక్కడే. ఆయన ప్రయాణానికి వారం ముందు ఆవిడకి కింద మిగిలిన మూడు పళ్ళూ పీకేశారు. పీకిన చోట చిగుళ్ళు మాని సర్దుకోవడానికి కనీసం ఆరు వారాలు పడుతుంది. ఈలోగా సెట్టు చేస్తే నెలకే వదులైపోతుంది. అందుకని బావ అప్పటికి ఒక అచ్చు తీసి, మళ్ళీ కొలత తీసుకోవాల్సిన తేదీ దాని మీద గీసి పెట్టుకున్నాడు. ఆరు వారాలన్న లెక్క అన్నయ్య తుంటిది అనుకున్నాం మేమందరం. అది హెడ్మాస్టరమ్మ చిగుళ్ళ లెక్క. ఆయన ఆపి వెళ్ళిన పని జీవితంలో అదొక్కటే.

"ఇదే కదా మనం వెతుకుతున్నది!" అని కేకేశాను. ముందు గదిలో కుర్చీ మీదున్న పేషెంటు ఉలిక్కిపడిందట. "తిరిగొస్తానని నీ చేత్తో నువ్వే రాసుకున్నావు!"

"నిన్న గీశాడంటారు అమ్మాయ్."

అన్నాక ఆయనకే రోషం వచ్చింది. పని దగ్గర తప్ప ఆ మనిషికి రోషం రాదు. అచ్చు నా చేతిలోంచి తీసుకుని, నా వేలు పట్టుకుని ఆ అక్షరాలు తడిమించాడు.

"చూడు. అంచులు పొంగి గుండ్రంగా ఉన్నాయా? తడి మీద గీస్తేనే అలా వస్తాయి. ప్లాస్టరు పోశాక పది నిమిషాల్లో బిగుసుకుంటుంది. ఎండాక గీస్తే పొడి రాలుతుంది, అంచు పెళుసుగా విరుగుతుంది."

"కొత్త అచ్చు పోసి గీశాడంటే?"

"ఈ మూడు గుంటలు చూడు. పీకిన నాలుగో రోజు గుంటలివి. ఇప్పుడు ఆవిడ నోట్లో ఇవి ఉండవు, పూడిపోయి ఉంటాయి. ఈ దవడ ఆ వారం తప్ప మళ్ళీ ఎప్పుడూ లేదు."

అంతసేపు ఆయన ఆపకుండా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. కానీ పద, ఆవిడ దగ్గరికి వెళ్దాం అనగానే కూలబడ్డాడు. "ఆరు వారాలని చెప్పి ఆ ముసలావిణ్ణి పందొమ్మిది నెలలు పళ్ళు లేకుండా ఉంచాను. ఇప్పుడు నా కాగితం కోసం వెళ్ళి సాయం చెయ్యమననా? ఆఫీసుకైనా వెళ్తా గానీ ఆవిడ ముందు నిలబడలేను."

నేను నిలబడగలను. సాయంత్రం ట్రిప్పు కాగానే బస్సు షెడ్డులో పెట్టి వెళ్ళాను. రెండో అంతస్తు, చివరి తలుపు. తీసిన మనిషి బుగ్గలు లోపలికి పోయి, గడ్డం ముక్కుకి దగ్గరగా వచ్చేసింది. కళ్ళు మాత్రం బెత్తం పట్టుకున్నట్టే ఉన్నాయి. ఎవరి తరఫున వచ్చానో చెప్పగానే లోపలికి రమ్మని, సొరుగు లాగి రెండు కింది సెట్లు బల్ల మీద పెట్టింది. కంపెనీ చేసినవి. ఒకటి తుమ్మితే ఊడిందట, ఇంకోటి నవ్వితే ఊడిందట. అప్పట్నించీ అన్నీ మెత్తగా నూరుకుని చెంచాతో తింటోంది.

"ఆయన వచ్చాడా? ఎన్నాళ్ళయింది?" అని అడిగింది. కింది పళ్ళు లేక మాట గాలిపోతోంది.

"పది రోజులండి."

"పది రోజులై నా దగ్గరికి రాలేదా?"

"సిగ్గుపడుతున్నాడండి."

"ఆయన సిగ్గుతో నేను నమల్లేను కదా."

అన్నీ చెప్పాను. కార్డు, నోటీసు, రాజీనామా, గది. గది ఖాళీ చేయించింది నేనేనని కూడా చెప్పాను, మా ఆయనకి కూడా చెప్పని మాట. ఆవిడ తప్పు దిద్దుతుందేమోనని ఎదురుచూశాను. దిద్దలేదు. "విచారణకు నేనూ వస్తాను. కానీ ముందు పళ్ళు. మాట స్పష్టంగా లేకుండా నేను నలుగురి ముందు నోరు విప్పను," అంది.

మర్నాటి నుంచే బావ పనిలోకి దిగాడు. ఆవిడ వాలు కుర్చీలో కూర్చుని నోరు తెరిచింది. ఆయన క్షమించమని ఏదో మొదలుపెట్టాడు. నోట్లో ఆయన వేళ్ళున్నాయి కాబట్టి ఆవిడ జవాబు చెప్పలేకపోయింది. ఆ రకంగా ఇద్దరికీ ఇబ్బంది తప్పింది.

నాకు ఇంకో ఆలోచన వచ్చింది. నా సిగ్గులేనితనం దాచుకోను. వెనక గదికి వెళ్ళి మెల్లగా అన్నాను: "బావా, సెట్టు తయారైనా విచారణ అయ్యేదాకా ఇవ్వకు. ఆవిడ ఆ వట్టి నోటితో వచ్చి కూర్చుంటే రాళ్ళయినా కరుగుతాయి. మర్నాడిద్దువుగాని."

ఆయన మైనం చెక్కే కత్తి బల్ల మీద పెట్టేశాడు. "ఇంకొక్క రోజు కూడా ఆపను," అన్నాడు. గొంతు పెంచి అన్నాడు. అక్క పెళ్ళయిన నాటి నుంచీ ఆయన గొంతు పెరగడం అదే మొదటిసారి వినడం. తల వంచుకుని వచ్చేశాను. విచారణకి నాలుగు రోజుల ముందే పళ్ళు ఆవిడ నోట్లో ఉన్నాయి. ఈయన చేతిలో ఆగి ఉన్న పని మళ్ళీ ఏదీ లేదు.

విచారణ గది నాలుగో అంతస్తులో. బయట గోడ వెంట బోల్టులతో బిగించిన కుర్చీలు, మూల నీళ్ళ యంత్రం, గోడకి మా నంబరు వచ్చే డబ్బా. బావ అచ్చుని తన మఫ్లరులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. హెడ్మాస్టరమ్మ నిటారుగా కూర్చుంది. నేను నీళ్ళు మూడు గ్లాసులు తాగి మూడుసార్లు లేచి వెళ్ళాను.

మా నంబరు పడి లోపలికి వెళ్తే, అధికారి నడివయసు మనిషి. కాగితాలు ఒక్కొక్కటే తీసి పైకి చదివాడు. "ఉద్యోగం మానేశారు. గది ఖాళీ చేశారు. కరెంటు, ఫోను తీయించేశారు." ఒకదాని దగ్గర ఆగాడు. "లైబ్రరీ కార్డు కూడానా?"

"ఇంకెవరికైనా పనికొస్తుందనండి."

"ఇవన్నీ వెళ్ళిపోయే మనిషి చేసే పనులు. అవునా?"

"అలాగే కనపడుతున్నాయండి," అన్నాడు బావ.

నేను లేచి నిలబడ్డాను. "గది ఖాళీ చేయించింది నేనండి! ఆ ఉత్తరంలో సెలవు అన్న మాట నాది!" అధికారి కూర్చోమన్నాడు. కూర్చున్నాను.

బావ మఫ్లరు విప్పి అచ్చు బల్ల మీద పెట్టాడు. తడి అంచుల సంగతి, మూడు గుంటల సంగతి, ఆరు వారాల సంగతి చెప్పాడు. నాకు చెప్పినంత ధాటిగా చెప్పలేదు, మధ్యలో రెండుసార్లు ఆగాడు, కానీ చెప్పాడు. అధికారి గోటితో ఆ అక్షరాల అంచు మీద గీసి చూశాడు. హెడ్మాస్టరమ్మ ఎవరూ అడక్కముందే లేచి, ఆ దవడ తనదేనని, ఆ పళ్ళు ఏ రోజున పీకారో డాక్టరమ్మ పుస్తకంలో ఉందని, నకలు తెచ్చానని చెప్పింది. ఒక్క మాట గాలిపోలేదు.

అధికారి ఆ నకలు తీసుకుని ఫైల్లో పెట్టాడు. తర్వాత బావ వంక చూసి, "మీ అన్నయ్యకి మళ్ళీ ఏదైనా అయితే?" అని అడిగాడు.

వెళ్ళనని చెప్పు బావా అని లోపల అరిచాను. ఒక్క అబద్ధం, ఒకే ఒక్కటి.

"వెళ్తానండి," అన్నాడు బావ. ఒక్క క్షణం కూడా నీళ్ళు నమల్లేదు.

"ఎన్నాళ్ళు?"

"తెలీదండి. పోయినసారి తెలుసనుకున్నాను. ఈసారి ముందు మీ దగ్గరికొచ్చి అనుమతి కాగితం తీసుకుని వెళ్తాను. వెళ్ళి, వస్తాను."

అధికారి ఫైలూ అచ్చూ తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. మమ్మల్ని బయట కూర్చోమన్నారు. అంతా అయిపోయిందనుకున్నాను. వెళ్తానని ఎందుకన్నావని అడగబోయి ఆయన మొహం చూసి ఆగాను. తెల్లగా పాలిపోయి ఉంది. అన్నయ్యని వదిలేస్తానని చెప్పి నిలబెట్టుకున్న కార్డు ఈయన జేబులో ఎలా ఉండగలదు? నాకు తెలిసీ కోపం వచ్చింది. ఆ కోపమంతా భయమే.

హెడ్మాస్టరమ్మ చెంప మీద వేలు పెట్టి, "ఇక్కడ కాస్త నొక్కుకుంటోంది. సవరించాలి. ఎప్పుడు రమ్మంటారు?" అంది.

"చూద్దామండి," అన్నాడు బావ.

"చూద్దాం అన్నది తేదీ కాదు."

ఆయన తల ఎత్తలేదు. ఎవరైనా రోజు అడిగితే డైరీ తీసి, గంటతో సహా చెప్పే మనిషి. బెత్తంలాంటి ఆవిడ కళ్ళు కూడా నేల మీదకి దిగాయి. అలా నలభై నిమిషాలు కూర్చున్నాం.

తలుపు తీసుకుని వచ్చింది అధికారే. ముందు అచ్చు బావ చేతికిచ్చాడు, జాగ్రత్తగా, రెండు చేతులతో. తర్వాత కార్డు ఇచ్చాడు. ఉత్తర్వు పోస్టులో వస్తుందని, నివాసం కొనసాగుతుందని, మళ్ళీ వెళ్ళేటప్పుడు ఆ అనుమతి కాగితం మరిచిపోవద్దని చెప్పాడు. మా ఆయనకి ఫోన్ చేసి హలో అని కూడా అనలేకపోయాను.

బావ కార్డు వంక చూడనైనా చూడకుండా జేబులో వేసుకుని హెడ్మాస్టరమ్మ వైపు తిరిగాడు. "సోమవారం పదింటికి రండి," అన్నాడు.

ఆ సాయంత్రం రెండో ట్రిప్పు ముగించుకుని ఇంటికొచ్చేసరికి బాత్‌రూమ్ నేలంతా నీళ్ళు. కొక్కేనికి ఆయన తువ్వాలు వేలాడుతోంది. పిండకుండా ఆరేసినట్టున్నాడు, బొట్టుబొట్టుగా కారుతూనే ఉంది. గుడ్డ తెచ్చి నేల మీద కూర్చుని తుడిచాను. తుడుస్తూ ఏడ్చాను. తువ్వాలు మాత్రం ఉన్నచోటే ఉంచాను. అక్క ఉంటే ఆయన్ని గట్టిగా చీవాట్లు పెట్టేది. ఇప్పుడు ఆ ఉద్యోగం కూడా నాదే కాబట్టి, భోజనాల దగ్గర నేనే పెట్టాను.